వినడానికి మార్కులెన్ని?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు లోకం సంగతులు ఇప్పుడు పుస్తకాల్లోంచి కన్నా చెవుల్లోంచే ఎక్కువ చేరుతున్నాయి. యూట్యూబ్, రీల్స్, వాట్సాప్ ఆడియోలు, టీవీ చర్చలు... అన్నీ మాటలే. విన్న మాటను తూచుకునే నేర్పు వాళ్లకు ఎంత ఉందో కొలిచే పరీక్ష మన బళ్లలో ఉందా?

ఫలితాల సీజన్‌లో టీవీ పెట్టిన ప్రతి తెలుగింటికీ ఆ గొంతు తెలుసు. ఊపిరి తిప్పుకోకుండా ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు...’ అంటూ ర్యాంకులు చదువుకుంటూ పోయే గొంతు. ఏడో తరగతి పిల్లాడు ఆ ప్రకటనను అదే ఊపుతో, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేస్తాడు. ‘ఇందులో వాళ్లు చెప్పకుండా వదిలేసిందేమిటి?’ అని అడిగి చూడండి, బిక్కమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు. ఆ ప్రశ్న వాణ్ని ఏ పరీక్షలోనూ ఎవరూ అడిగి ఉండరు.

మన చదువుల్లో వినడానికి చోటే లేదనలేం. తెలుగు వాచకాల్లో పాఠం తరవాత వచ్చే అభ్యాసాల్లో వినడం, ఆలోచించి మాట్లాడడం అని కనిపిస్తూనే ఉంటుంది. ఫార్మేటివ్ పరీక్షల్లో పిల్లల భాగస్వామ్యానికి, ప్రతిస్పందనలకు అని కొన్ని మార్కులూ ఉన్నాయి. ఆ మార్కులు ఎలా పడతాయో మాత్రం టీచర్లకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. ఓ పక్క సిలబస్ తరుముతుంటే, మరో పక్క మార్కులు అప్‌లోడ్ చేయాల్సిన గడువు ముంచుకొస్తుంటే, రాతలో ముందుండే పిల్లకు ఇక్కడా నిండుగా పడిపోతాయి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ నడిపే బళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ వారాంతపు పరీక్ష అంటే ఓఎంఆర్ షీటే.

ఎవరు చెప్పినా వినాలి, విన్నవెంటనే తొందరపడకుండా నిజమో కాదో తేల్చుకోవాలి అని చెప్పే పద్యం సుమతీ శతకంలో ఉంది. మనలో దాన్ని కంఠతా పట్టనివాళ్లు తక్కువ. పరీక్షలో ఆ పద్యం పూరిస్తే మార్కులిస్తాం, భావం రాస్తే మార్కులిస్తాం. పద్యం చెప్పిన పని నువ్వు చేయగలవా అని మాత్రం అడగం.

ఎనభై శాతం బోల్తా

అడిగినవాళ్లకు ఏం తెలిసిందో చూద్దాం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్ నాయకత్వంలోని చరిత్ర విద్యా బృందం 2015 జనవరి నుంచి 2016 జూన్ దాకా 12 రాష్ట్రాల్లో మిడిల్ స్కూల్, హైస్కూల్, కాలేజీ విద్యార్థుల నుంచి 7,804 జవాబులు సేకరించింది. మిడిల్ స్కూల్ పిల్లలకు ఇచ్చిన పనుల్లో ఒకటి చాలా తేలిక. ఒక వార్తా వెబ్‌సైట్ ముఖపేజీ చూపించి ఏది వార్త, ఏది ప్రకటన అని అడిగారు. కూపన్ కోడ్‌తో సహా ప్రకటనలా కనిపించే ప్రకటనను ఎక్కువమంది పట్టేశారు. వార్త రూపంలో పెట్టి, పైన ‘స్పాన్సర్డ్ కంటెంట్’ అని రాసినదాన్ని మాత్రం 80 శాతానికి పైగా పిల్లలు నిజమైన వార్తే అన్నారు. కొందరైతే జవాబులో ‘ఇది స్పాన్సర్డ్ కంటెంట్’ అని తామే రాసి, వార్త అని కూడా తామే తేల్చారు. అక్షరాలు చదివారు, ఆ అక్షరాల వెనక డబ్బు ఉందని తెలియలేదు.

పెద్ద పిల్లలైతే మెరుగా? అదే బృందం 2018–19లో 3,446 మంది హైస్కూల్ విద్యార్థులను పరీక్షించింది. అమెరికా ప్రైమరీ ఎన్నికల్లో బ్యాలెట్ పెట్టెల్లో దొంగ ఓట్లు కుక్కుతున్నారంటూ ఒక మసక వీడియో చూపించింది. ఇంటర్నెట్‌లో వెతుక్కోవడానికి అనుమతి కూడా ఇచ్చింది. 52 శాతం మంది అది బలమైన సాక్ష్యం అన్నారు. నిజానికి ఆ వీడియో రష్యాలో తీసింది. మూడు వేల పైచిలుకు పిల్లల్లో ఆ మూలం దాకా వెళ్లినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు.

ఈ జాతి పరీక్షలకు తాతలాంటిది ఇంకొకటి ఉంది. పసిఫిక్ వాయవ్య తీరపు అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ అంతరించిపోతోందంటూ 1998లో ఒకాయన సరదాకి వెబ్‌సైట్ పెట్టాడు. కనెటికట్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ లూ బృందం దాన్ని చదువులో చురుకైన ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మేశారు. అదంతా కల్పన అని చెప్పాక కూడా కొందరు ఆ జీవి ఉందనే వాదించారట. మనం నవ్వుకోనక్కర్లేదు. 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ల ముందు గ్లాసులతో బారులు తీరినవాళ్లలో మన పెద్దలూ ఉన్నారు. అప్పటికి వాట్సాప్ లేదు, ల్యాండ్‌లైన్ ఫోన్లే సరిపోయాయి.

గొంతుకుండే పెత్తనం

పైన చెప్పిన పరీక్షలన్నీ కంటితో చూసి, చదివి తేల్చుకోవాల్సినవి. చెవికి చేరేది ఇంకా కష్టం. చదివేటప్పుడు అనుమానం వస్తే పై వాక్యానికి వెళ్తాం. వింటున్నప్పుడు ఆ వీలు లేదు, మాట దొర్లిపోతుంది. దానికి తోడు గొంతులో ధీమా, వెనక సంగీతం, చెప్పేవాడి కోటూ టై. 1957 ఏప్రిల్ 1న బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమంలో స్విట్జర్లాండ్ రైతులు చెట్ల నుంచి స్పగెటీ నూడుల్స్ కోస్తున్నట్టు చూపించారు. దానికి వ్యాఖ్యానం చెప్పింది ఆ దేశమంతా గౌరవించే రిచర్డ్ డింబుల్‌బీ. మర్నాడు ఆ మొక్క ఎలా పెంచాలని అడుగుతూ ఫోన్లు చేసినవాళ్లు పెద్దవాళ్లే. బొమ్మ ఎంత నమ్మించిందో ఆ గొంతూ అంతే నమ్మించింది. ఇప్పుడు ఆ గొంతును కంప్యూటరే పుట్టిస్తోంది. తెలిసిన మనిషి గొంతు వినబడితే తెలిసిన మనిషే మాట్లాడాడని నమ్మే రోజులు పోయాయి.

పదే పదే వినబడటం మరో మాయ. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ వింటే అది నిజమనిపించడం పెరుగుతుందని 1977లోనే లిన్ హాషర్, ఆమె సహచరులు ప్రయోగం చేసి చూపారు. రీల్స్‌లో ఒకే ఆడియో వంద ముఖాలతో తిరుగుతుంటే పన్నెండేళ్ల పిల్లకు అది ఒకే మాట అని తట్టదు. వందమంది చెప్పారనుకుంటుంది.

మూడు తరగతులు, మూడు మెట్లు

అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010 నుంచి అమల్లోకి తెచ్చుకున్న కామన్ కోర్ ప్రమాణాల మీద అక్కడే సవాలక్ష విమర్శలున్నాయి. కొన్ని రాష్ట్రాలు వదిలేశాయి కూడా. వినడం విషయంలో మాత్రం వాళ్లు వేసిన మెట్లు నాకు నచ్చాయి. ఆరో తరగతి పిల్లలు ఉపన్యాసం విని, ఆధారం చూపించి చెప్పిన మాటలేవో, ఊరికే అన్న మాటలేవో విడదీయాలి. ఏడో తరగతిలో ఆ ఆధారం సంబంధం ఉన్నదేనా, సరిపోయినంత ఉందా, తర్కం నిలుస్తుందా అన్నది చూడాలి. ఎనిమిదికి వచ్చేసరికి సంబంధం లేని ఆధారాన్ని మధ్యలో దూర్చితే పట్టుకోవాలి. దాంతోపాటు ఈ సమాచారం మన ముందుకు ఎందుకొచ్చింది, వ్యాపారమా, రాజకీయమా, మరోటా అన్నది కూడా పసిగట్టాలి.

కాలిఫోర్నియాలో చదివే మన తెలుగు పిల్లలు ఏటా రాసే స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్షలో వినే ప్రశ్నలు ఉంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చిన్న ఆడియో వింటారు, దాని మీద జవాబులిస్తారు. మన దగ్గర సీబీఎస్‌ఈ కూడా ఇంగ్లిష్‌లో వినడం, మాట్లాడడం పరీక్షించడానికి ఆడియోలు, వర్క్‌షీట్లతో ఒక పద్ధతి తెచ్చింది. అది ప్రధానంగా విన్నది అర్థమైందా అని చూస్తుంది. రైలు ఎన్నింటికి బయల్దేరిందో చెప్పగలగడం వేరు, రైలు గురించి చెప్పినవాణ్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం వేరు. మనకు ఇప్పుడు కావలసింది రెండోది.

ఒక ప్రశ్నపత్రం వేసి చూద్దాం

మాటలెందుకు, ఒక నమూనా తయారు చేద్దాం. మనకు బాగా తెలిసిన ర్యాంకుల ప్రకటననే తీసుకుందాం. పేరూ ఊరూ లేని ఒక సంస్థ అనుకోండి. టీచరు తన ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తారు:

‘ఈ ఏడాది ఎంట్రన్స్‌లో వందలోపు ర్యాంకుల్లో పన్నెండు మావే! మా దగ్గర చేరిన ప్రతి విద్యార్థీ విజేతే. మా క్యాంపస్‌లన్నీ పూర్తి ఏసీ. రాష్ట్రంలో తల్లిదండ్రులంతా మమ్మల్నే నమ్ముతున్నారు. సీట్లు కొన్నే ఉన్నాయి, ఈరోజే చేరండి!’

అరనిమిషం కూడా పట్టదు. రెండుసార్లు వినిపించాలి, పిల్లలు నోట్స్ రాసుకోవచ్చు. అలా చేయకపోతే అది జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుంది. ఆరో తరగతికి ప్రశ్న: ఇందులో ఆధారంతో చెప్పిన మాట ఏది, ఆధారం లేకుండా చెప్పినవి ఏవి? ఏడో తరగతికి: మంచి కాలేజీ అని ఒప్పుకోవడానికి పన్నెండు ర్యాంకులు చాలునా? చాలకపోతే ఇంకేం తెలియాలి? ఎనిమిదికి: నిజమే అయినా ఈ వాదానికి పనికిరాని సంగతి ఏది? ఈరోజే చేరమని ఎందుకు తొందరపెడుతున్నారు?

ఇప్పుడు ఏడో తరగతి ప్రశ్నకు రాగల మూడు జవాబులు చూడండి. ఒకరు ‘పన్నెండు ర్యాంకులు వచ్చాయి కాబట్టి మంచి కాలేజీయే’ అని రాస్తారు. ఇంకొకరు ‘యాడ్స్ అన్నీ అబద్ధాలే, నమ్మకూడదు’ అంటారు. మూడో వాళ్లు ‘పన్నెండు ర్యాంకులు నిజమే కావచ్చు. కానీ ఎంతమంది రాస్తే పన్నెండు వచ్చాయో చెప్పలేదు. వాళ్లు అక్కడే రెండేళ్లు చదివారా, చివర్లో చేరారా కూడా చెప్పలేదు’ అని రాస్తారు.

మూడోదానికి నిండు మార్కులు, సందేహం లేదు. మరి రెండోదానికి? చాలామంది పెద్దలకు ఆ జవాబు ముద్దొస్తుంది, పిల్ల గడుసుగా ఉందనిపిస్తుంది. నా లెక్కలో మొదటిదానికీ రెండోదానికీ తేడా లేదు. ఒకరు వినకుండా నమ్మారు, ఒకరు వినకుండా కొట్టిపారేశారు. ఇద్దరూ వాదనను తూచలేదు.

పిల్లలు అడిగే ఈ ప్రశ్నలు ఏమంత చిన్నవీ కావు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో, అది డబ్బు కట్టిన కోర్సో కాదో ప్రకటనలో చెప్పాలంది. ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదంది. ఏడో తరగతి పిల్ల రాసిన జవాబే ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపిస్తోంది.

దిద్దేవాళ్ల తిప్పలు

ఇలాంటి పరీక్ష పెట్టడం తేలిక, దిద్దడం కష్టం. ‘అవును/కాదు’ అని టిక్కు పెట్టించే బిట్ పేపరు ఇక్కడ పనికిరాదు. గుడ్డిగా పెట్టినా సగం మార్కులు వస్తాయి. కారణం రాయించాలి, లేదా నోటితో చెప్పించాలి. స్టాన్‌ఫర్డ్ బృందం తన పరీక్షలన్నింటికీ మూడే స్థాయులు పెట్టుకుంది: ఇంకా మొదట్లోనే ఉన్నవారు, దారిలో పడ్డవారు, పట్టు సాధించినవారు. ఒక్కో స్థాయికి పిల్లలు నిజంగా రాసిన జవాబులే నమూనాలుగా ఇచ్చింది. ఇద్దరు టీచర్లు వేర్వేరుగా దిద్దినా దాదాపు ఒకే మార్కు రావాలంటే ఆ నమూనాలే ఆధారం. ఐదు మార్కులకు నాలుగున్నర, మూడుంపావు అంటూ గీకే అలవాటు కన్నా ఇది సుఖం.

ప్రశ్నపత్రంలో అన్నీ అబద్ధాలే పెడితే మరో ప్రమాదం ఉంది. నాలుగు పరీక్షలు రాసేసరికి పిల్లలకు కిటుకు దొరికిపోతుంది, దేన్నైనా తప్పంటే చాలు మార్కులు పడతాయి. రాళ్లు ఏరమంటే బియ్యమంతా పారబోసినట్టు అవుతుంది. అందుకే సగం ఆడియోలు గట్టి వాదనలై ఉండాలి. పీహెచ్‌సీ డాక్టరు ఆధారాలతో టీకా గురించి చెప్పిన మాట, వ్యవసాయాధికారి భూసార పరీక్ష లెక్కలతో ఎరువులు తగ్గించమన్న మాట పెట్టాలి. వాటిని నమ్మినవాళ్లకు, ఎందుకు నమ్మారో చెప్పినవాళ్లకు మార్కులివ్వాలి.

యాస సంగతి ఇంకోటి. టీవీ యాంకర్ల తెలుగులో ఆడియో తయారుచేసి ఉట్నూరులో గోండు పిల్లలకు, సీతంపేట మన్యంలో సవర పిల్లలకు వినిపిస్తే వాళ్ల ఆలోచనకు బదులు వాళ్ల తెలుగును కొలిచినట్టవుతుంది. ఏ ఊరి మాటలో ఆ ఊరి టీచరు రికార్డు చేసుకోవడమే దీనికి మందు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు అదే వాదనను రాతలోనో, సైగలతోనో ఇవ్వాలి.

కన్నూరు నుంచి బిహార్ దాకా

మన దక్షిణాదిలోనే కేరళ ఈ దారిలో ముందుంది. మీజిల్స్–రుబెల్లా టీకాపై పుకార్లు లేచి తల్లిదండ్రులు వెనక్కి తగ్గిన అనుభవంతో, కన్నూరు కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ 2018లో ‘సత్యమేవ జయతే’ పేరుతో 150 ప్రభుత్వ బళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. తరవాత రాష్ట్ర విద్యాశాఖలోని ‘కైట్’ సంస్థ అదే పేరుతో 5,920 బళ్లలో 19.72 లక్షలమంది పిల్లలకు శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు ఐసీటీ పాఠ్యపుస్తకాల్లోకే ఈ పాఠాలు చేరాయి.

పాఠం చెప్పారు సరే, పిల్లల్లో మార్పు వచ్చిందా అని గట్టిగా కొలిచింది మాత్రం బిహార్‌లో. ప్రియదర్శి అమర్, సుమిత్రా బద్రీనాథన్, సైమన్ షోషార్, ఫ్లోరియన్ సిషార్ట్ అనే పరిశోధకులు రాష్ట్ర ప్రభుత్వ జీవిక సంస్థ గ్రంథాలయాల్లో, 583 గ్రామాలకు చెందిన 13,500 మందికి పైగా పిల్లలతో ప్రయోగం చేశారు. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివేవాళ్లు. సగం ఊళ్లలో వార్తను ఎలా నిర్ధారించుకోవాలో నాలుగు తరగతులు చెప్పారు. మిగతా ఊళ్లలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. తరవాత నిజాలు, అబద్ధాలు కలిపి ముందు పెట్టి ఏది ఏదో చెప్పమన్నారు. శిక్షణ పొందినవాళ్లు స్పష్టంగా మెరుగ్గా చేశారు, నాలుగు నెలల తరవాత కూడా ఆ నేర్పు నిలిచింది. పాఠాలు ఆరోగ్యం చుట్టూ తిరిగితే, రాజకీయ వార్తల విషయంలోనూ ఆ జాగ్రత్త పనిచేసింది. అన్నిటికన్నా నాకు నచ్చిన ఫలితం వేరే ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా మెరుగుపడ్డారు. తరగతిలో చెప్పింది రాత్రి అన్నాల దగ్గరికి చేరిందన్నమాట.

ఈ పరిశోధన 2025లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో వచ్చింది. నాలుగంటే నాలుగు తరగతులు, పెద్ద పెద్ద ల్యాబులేవీ లేవు. బిహార్ పల్లెల్లో అయింది మన దగ్గర కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

ఇక మన సంగతి

కారణం లేకపోగా అవసరం మాత్రం ఎంతైనా ఉంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ ఆడియోలు, వీడియోలు తిరిగినప్పుడు అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద గాయకులతో పాటలు కట్టించి మరీ జనానికి చెప్పాల్సి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు కోళ్ల రైతుల్ని ముంచేస్తుంటే, తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించారు. ప్రతి పుకారుకూ ఒక మంత్రి కోడికాలు కొరకలేడు కదా!

మనకున్న అసలు అడ్డంకి డబ్బు కాదు, సిలబస్ కూడా కాదు. తరగతిలో టీచరు మాటకు ‘ఆధారం ఏంటి సార్?’ అన్న పిల్లాణ్ని ఎదురు మాట్లాడుతున్నాడంటాం. ఇంట్లో తాతయ్య వాట్సాప్‌లో వచ్చిన చిట్కా చదివి వినిపిస్తుంటే మనవరాలు అడ్డు తగిలితే ‘పెద్దంతరం చిన్నంతరం లేదా?’ అంటాం. ఈ భయం ఉన్నచోట ఏ పరీక్షా నిజం చెప్పదు. పిల్లలు టీచరుకు నచ్చే జవాబే రాస్తారు. కాబట్టి అడిగే తీరు కూడా నేర్పాలి. ‘ఇది ఎవరు చెప్పారు తాతయ్యా? ఇంకెక్కడన్నా చూద్దామా?’ అని పిల్ల అడిగితే ఆయన పరువేం పోదు. బహుశా ఫోన్ ఆమె చేతికే ఇస్తాడు.

టీచర్లకు ఒక మాట. ఈ పని పెట్టి చూడాలంటే ప్రత్యేక ఉత్తర్వులు అక్కర్లేదు. ప్రతిస్పందనల మార్కులు ఎలాగూ మీ చేతిలోనే ఉన్నాయి. వచ్చే ఫార్మేటివ్‌లో వాటిని ఒక్కసారి ఇలా వాడి చూడండి. ఒక అరనిమిషం ఆడియో, ఒక్క ‘ఎందుకు?’ చాలు. విద్యాశాఖ పెద్దలు చేయాల్సింది కాస్త ఎక్కువ. ఆడియోలకు ఒక భాండాగారం, జవాబుల నమూనాలు, దిద్దడంలో టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేయాలి. పదో తరగతి దాకా ఆగొద్దు. కొత్త జాతీయ విద్యావిధానం మధ్య దశ అని విడిగా గీసిన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే ఇది మొదలవ్వాలి. చాలామంది చేతికి ఫోను చేరడం మొదలయ్యేది ఆ వయసులోనే.

అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ వివిధ దేశాల్లో జరిపే పీసా పరీక్ష 2029 విడతలో మీడియా, కృత్రిమ మేధ అక్షరాస్యతను కొత్తగా చేర్చబోతోంది. అది 15 ఏళ్ల పిల్లలు రాసే పరీక్ష. మన దేశం ఆ పరీక్షలో పాల్గొన్నది 2009 విడతలో, అదీ తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ పిల్లలతోనే. 2029లో మనం రాస్తామో లేదో ఢిల్లీ తేల్చుకుంటుంది. అప్పటికి పదిహేనేళ్లు వచ్చేది మాత్రం ఇప్పుడు మన బళ్లలో ఆరేడు తరగతుల్లో కూర్చున్న పిల్లలకే.

తల్లిదండ్రులారా, వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్‌లో మార్కుల జాబితా చేతికి తీసుకున్నాక టీచరుగారిని ఇంకొక్కటి అడగండి: మా పిల్ల విన్నదాన్ని తేల్చుకోగలుగుతోందా, మీరు దాన్ని ఎలా చూస్తున్నారు?